గ్లాసు పట్టుకునే తీరు

నేను వైన్ తాగుతానన్న సంగతి మా రాజోలు వైపు చుట్టాల్లో సగం మందికి తెలుసు. మిగతా సగం మందికీ తెలుసు గానీ తెలియనట్టుంటారు. ఎవరూ నన్నేమీ అనలేదు. మా మేనత్త ఒక్కతే ఓ పెళ్లిలో పక్కకొచ్చి కూర్చుని, "అది ద్రాక్ష రసమేగా, గుండెకి మంచిదంటగా" అని తనే అడిగి, తనే తలాడించి, లేచి భోజనాల వైపు వెళ్లిపోయింది. ఆవిడ అలా నాకో సాకు చేతిలో పెట్టింది. ఇన్నాళ్లూ దాన్ని నేను ఎంత హాయిగా వాడుకున్నానో ఈ మధ్యే తీరిగ్గా కూర్చుని ఆలోచిస్తున్నాను. యాభై దాటిన ఆడదాన్ని, కోనసీమ కొబ్బరితోటల ఇంటిపిల్లని, హైదరాబాదులో నలుగురి మధ్య గ్లాసు పట్టుకుని కూర్చోగలుగుతున్నాను. ఆ ధైర్యం నాది కాదు. ఆ గ్లాసుది.

వైన్ గురించి నాకు తెలిసిందంతా నాసిక్ అవతల ఓ చిన్న తోటలో మొదలైంది. మహారాష్ట్ర ప్రభుత్వం 2001లో ద్రాక్ష నుంచి వైన్ తీసేవాళ్లకి రాయితీలిస్తూ ఓ విధానం తెచ్చింది. అప్పటికే అక్కడ పెద్ద కంపెనీలు మొదలయ్యాయి, ఆ తరువాత చిన్నవాళ్లూ దిగారు. నేను వెళ్లిన తోట అలాంటి చిన్నవాళ్లది. ఉన్న కాస్త నేలలోనే షెనిన్ బ్లాంక్, సావిన్యాన్ బ్లాంక్, షిరాజ్, కాబర్నే, జిన్‌ఫాండెల్ అని వరసలు వరసలుగా వేసుకున్నారు. ఫిబ్రవరి, కోతల కాలం. తోట చూపించిన కుర్రాడికి పాతికేళ్లుంటాయేమో. ఓ షిరాజ్ పండు తెంపి, అరచేతిలో చిదిమి చూపించాడు. రసం నీళ్లలా తెల్లగా ఉంది. నల్ల ద్రాక్షలోనూ రసం తెల్లగానే ఉంటుందని నాకప్పటిదాకా తెలియదు. తరువాత ఆ తొక్కని వేళ్ల మధ్య నలిపాడు, వేళ్లు వంకాయ రంగుకి తిరిగాయి. ఎర్ర వైన్‌కి ఆ ఎరుపు తొక్కలోంచే రావాలట, అందుకే తొక్కలతో కలిపి రోజుల తరబడి పులియబెడతారు. తెల్ల వైన్‌కైతే పండు పిండిన వెంటనే తొక్క తీసి పారేస్తారు.

కత్తిరింపుల సంగతి కూడా అతనే చెప్పాడు. ఫ్రాన్సులో చలికి ద్రాక్షతీగ ఆకులు రాల్చి నిద్రపోతుంది. దక్కన్‌లో దాన్ని నిద్రపుచ్చేంత చలి లేదు. అందుకని వేసవిలో ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి, ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. కాపు మాత్రం ఒక్కటే తీసుకుంటారు. ఇదంతా నేను చిన్న పుస్తకంలో రాసుకున్నాను. రుచి చూసేటప్పుడు సావిన్యాన్ బ్లాంక్ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, "పచ్చి జామకాయ" అన్నాను. ఆ కుర్రాడు నవ్వి, "కాదు మేడమ్, మళ్లీ చూడండి, కోసిన గడ్డి" అన్నాడు. మళ్లీ చూశాను. గడ్డే. కాసేపాగి ఇంకో గ్లాసు దగ్గర నేనేదో అంటే దానికీ కాదన్నాడు. నాకు కోపం రాలేదు సరికదా, ఇంకా శ్రద్ధగా కూర్చున్నాను. నా సగం వయసున్నవాణ్ని మాటకి ముందు "ఆప్", మాట చివర "జీ" అని పిలిచాను. ఎందుకు గుర్తుపెట్టుకుని రాస్తున్నానో కింద తెలుస్తుంది.

ద్రాక్ష మా వైపు పండదు. అనాబ్-ఎ-షాహీ ద్రాక్షతోటలతో హైదరాబాదు చుట్టుపక్కలు ఒకప్పుడు పచ్చగా ఉండేవి, ఇప్పుడక్కడ అపార్ట్‌మెంట్లున్నాయి. కోనసీమలో మాత్రం గౌతమికీ వశిష్ఠకీ నడుమ గాలిలోనే నీరుంటుంది. మా నాన్న సరదాపడి పెరట్లో పందిరేసి ఓ తీగ పాకించారు. ఆకుల కింద తెల్లగా బూజు పట్టడం తప్ప దాన్నుంచి మేం చూసిందేమీ లేదు. మా నేల తాగించేది వేరే. దాని పేరు మా ఇంట్లో గట్టిగా పలకడానికి వీల్లేదు.

వీల్లేదంటే పూర్తిగా వీల్లేదని కాదు. వేసవిలో తెల్లారకముందే లోపల సున్నం రాసిన ముంత ఒకటి మా వసారాలోకి వచ్చేది. నీరా. చలవ చేస్తుందని నాయనమ్మ ముందు తను తాగి, తరువాత అమ్మకి, పిల్లలకి పోసేది. గుండెలదాకా తియ్యగా, చల్లగా దిగేది. అదే చెట్టు, అదే గెల, అదే మనిషి గీసింది. సున్నం లేని ముంతలో పడి, కాస్త పొద్దెక్కితే మాత్రం దాని పేరు మారిపోయేది, దాంతోపాటు దాన్ని తాగేవాళ్ల పేరు కూడా. తాటినీరులో నూటికి పది పన్నెండు వంతులు చక్కెర. గెల నుంచి బొట్టు జారిన క్షణం నుంచే గాలిలోని, ముంతలోని ఈస్టు, బాక్టీరియా దాని మీద పడతాయి. సున్నం వాటి పని ఆపుతుంది. సున్నం లేకపోతే కొద్ది గంటల్లోనే నాలుగైదు శాతం ఆల్కహాలు తయారవుతుంది, మర్నాటికి పుల్లగా సిర్కా దారి పడుతుంది. వైన్‌లో ఆల్కహాలు 12 నుంచి 14 శాతం. అంటే మా అమ్మ పేరెత్తనిచ్చేది కాదే, ఆ కల్లు కన్నా నేను గ్లాసులో తిప్పి తాగేది మూడింతలు ఘాటు. ఈ లెక్క నాకు ఎప్పుడో తెలుసు. తెలిసి కూడా నా ముందున్నది మర్యాదస్తుల పానీయమనీ, అది తాగుడనీ నా లోపల ఎక్కడో ఖాయమైపోయింది. ఊడ్పులయ్యాక గట్టు మీద కూర్చుని కల్లు తాగే ఆడవాళ్లని చిన్నప్పుడు నేను దూరం నుంచి చూసేదాన్ని. వాళ్ల నడుములు పొద్దుటి నుంచీ వంగే ఉన్నాయన్నది నాకు కనిపించలేదు. ముంత కనిపించింది.

తాడిచెట్టు గీతకి రావాలంటే పదిహేనేళ్లు పైమాటే. మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు, రెంటినీ గీస్తారు. పోతుతాడు ముందు, పండుతాడు ఆ వెనక. గెలని కట్టి, నొక్కి, మెత్తబరిచి, కొసన కాగితమంత పల్చగా ఒక చెక్కు తీస్తారు. ఆ గాటు ఆరితే ధార ఆగిపోతుంది కనక రోజూ పొద్దున్నా, సాయంత్రమూ ఎక్కి మళ్లీ చెక్కు తియ్యాలి. కొబ్బరి గెలనీ ఇలాగే గీయొచ్చు. కానీ గీసిన గెలకి కాయ ఉండదు. కాయ మీద బతికే మా కోనసీమ రైతు అందుకే కొబ్బరిచెట్టు గీతకివ్వడానికి ఇష్టపడడు. గట్ల మీది తాళ్లనే ఇస్తాడు. అక్కడి నుంచి రంపచోడవరం, మారేడుమిల్లి వైపు కొండలెక్కితే జీలుగు కల్లు. మెట్టకి పోతే ఈతకల్లు, దానికి గెలతో పనిలేదు, మానునే గీస్తారు. ఇన్ని చెట్లు, ఇన్ని రుచులు మా చుట్టూ ఉన్నాయి. నాసిక్‌లో ఐదు రకాల పేర్లు రాసుకున్న నా పుస్తకంలో వీటికి ఒక్క పేజీ లేదు.

గట్ల మీది తాళ్లు చెట్టుకింతని మా నాన్న గీతకిచ్చేవారు. గీసే మనిషికి అప్పుడే యాభై ఏళ్లుంటాయి. ఇంట్లో అందరూ ఆయన్ని "వాడు" అనేవారు. పరికిణీ కట్టుకునే వయసులో నేను "నువ్వు" అనేదాన్ని. ఆయన నన్ను "అమ్మాయిగారండి, మీరు" అనేవాడు. అది తప్పని నాకెవరూ చెప్పలేదు, నాకూ తోచలేదు. ఆయన కులంవాళ్ల కథ ఏమిటో కూడా చాలా ఆలస్యంగా చదువుకున్నాను. మా ఊరికి ఎంతో దూరం లేని బోడసకుర్రులో పుట్టిన దొమ్మేటి వెంకటరెడ్డి బర్మా వెళ్లి సంపాదించుకుని వచ్చి, గీతవృత్తివాళ్ల చదువుల కోసం తిరిగి, శెట్టిబలిజలన్న పేరు ప్రభుత్వం చేత ఒప్పించారు. ఈ సంగతి నాకు బడిలో చెప్పలేదు. చెప్పినా వినేదాన్నని కాదు.

బడిలో చెప్పింది మద్యనిషేధం గొప్పదని. 1937లో రాజాజీ సేలంలో మొదలుపెట్టింది 1948 కల్లా మద్రాసు రాష్ట్రమంతా పాకి, మా జిల్లాలకీ వచ్చింది. సారాకీ కల్లుకీ ఒకటే తాళం పడింది. గీత కార్మికులు చెట్టు దిగి ఏం చెయ్యాలన్నది ఆ తాళం వేసినవాళ్లు సరిగ్గా ఆలోచించలేదు. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక ఎస్.వి.రామమూర్తి కమిటీ నిషేధం ఎత్తేయమంది, ప్రభుత్వం ఒప్పుకోలేదు. గీత కార్మికుల తరఫున గౌతు లచ్చన్న పోరాడారు. 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటుతో పడిపోయింది. ఆంధ్రకేసరి ప్రభుత్వాన్ని దించిన మాటల్లో కల్లు ముంత కూడా ఒకటన్నమాట! ఇది చదివినప్పుడు నాకు సరదా వేసింది. సరదా వేసిందని ఇప్పుడు కాస్త సిగ్గుగా ఉంది. ఆ ఓటు వెనక ఎన్ని పొయ్యిలు ఆరాయో కదా.

అలాగని నేను ఇప్పుడు కల్లు పక్షాన జెండా పట్టుకుని నిలబడలేను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాలు మూయించినప్పుడు మా అమ్మ పేపరు దాచుకుంది. 1993లో సారా ఆగింది, 1995 జనవరిలో మొత్తం నిషేధం వచ్చింది, 1997లో పోయింది. మా అమ్మ ఆ ఆడవాళ్ల పక్షం, నేనూ అంతే. తాగొచ్చి కొట్టే మొగుడి చేతిలో ఉన్నది ఏ చెట్టు నుంచి వచ్చిందో పెళ్లాం అడగదు. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి జనం చచ్చిపోయారు. అందుకని కల్లు అమృతమని రాసేవాళ్ల మీద నాకు నమ్మకం లేదు. నా మీద నాకు అసలే లేదు. ఎందుకంటే ఈ దూబగుంట వాదన నేను వాడిన తీరు నాకు తెలుసు. కల్లు తాగేవాళ్లని తప్పుపట్టడానికి దాన్ని తీశాను, నా వైన్ దగ్గరకొచ్చేసరికి జేబులో పెట్టుకున్నాను.

ఇప్పుడు నీరాకి రోజులొచ్చాయి. 2023లో హైదరాబాదు నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ తెరిచారు. మా స్నేహితులు పిలిస్తే వెళ్లాను. చల్లగా, శుభ్రంగా, అద్దాల్లోంచి హుస్సేన్‌సాగర్ కనిపిస్తూ ఉంది. అక్కడ ఒకావిడ నీరా తాగి, "టెర్వా తెలుస్తోంది" అంది. టెర్వా అంటే నేల రుచి పండులోకి రావడమని వైన్‌వాళ్ల మాట. ఆవిడని చూసి నవ్వుకున్నాను. తరువాత సంక్రాంతి వెళ్లాక రాజోలు వచ్చి, నేను చేసింది అంతకన్నా నవ్వులాట.

మా నాన్న రోజుల్లో గీసిన ఆయన కొడుకు ఇప్పుడు మా అన్నయ్య గట్ల మీది తాళ్లు గీస్తున్నాడు. అరవై దగ్గరపడ్డాడు. నడుముకి మోకు, వెనక కత్తి పెట్టె, కాళ్లకి బంధం. వాళ్ల నాన్న చెట్టు మీద నుంచి పడి మంచాన ఉండి పోయారు. ఈయన తమ్ముడు ఈ పని ముట్టలేదు. నేను ఈయన్ని "మీరు" అన్నాను. ఆయన ఉలిక్కిపడ్డట్టు చూసి, ఏమీ అనలేదు. రెండు చెట్ల కల్లు వేరువేరుగా కావాలని అడిగాను. ఒకటి చెరువుగట్టుది, ఒకటి కాలవ చివర ఉప్పుబాడవది. తాటాకు మడిచి రెండు డొప్పలు చేసి ఇచ్చాడు. మొదటి దానిలో నురగ మీద ఓ తేనెటీగ తేలుతోంది. దాన్ని గోటితో పక్కకి నెట్టి, పీచు అడ్డం పెట్టి మళ్లీ వంచాడు. పులిసిన దోసెపిండి వాసన, నాలిక మీద చురుక్కుమనే పొంగు, ఆ వెనక తీపి. రెండోది ఇంకాస్త ముదురు.

"ఈ రెండిటికీ తేడా ఏమిటండీ?" అన్నాను.

"ఉంటదండి."

"ఉప్పుబాడవ చెట్టుది కాస్త ఉప్పదనం తగుల్తోందా?"

"ఆయ్, తగుల్తదండి."

"మొదటిది కాస్త పూల వాసన..."

"ఆయ్, అంతేనండి."

ఏది అడిగినా ఆయ్. నేను మల్లెపూలన్నా ఆయ్, ముంజికాయన్నా ఆయ్. పుస్తకంలో రాసుకోబోయి ఆగాను. నాసిక్‌లో ఆ కుర్రాడు నా జామకాయని కాదన్నాడు కాబట్టి గడ్డి వాసన నాకు తెలిసింది. ఇక్కడ నన్ను కాదనే మనిషి లేడు. ఎందుకు లేడో నాకు బాగా తెలుసు. మా గట్టు, మా చెట్టు, మా నాన్న "వాడు" అన్న మనిషి కొడుకు. ఆయనకి తెలిసిన రుచి వేరే ఉంటుంది. ఆ మధ్యాహ్నం మా వదినతో మాట్లాడుతూ, అరుగు మీద నేనున్నానన్నది మర్చిపోయి చెప్పేశాడు. ముంత కడిగి కట్టిన రోజు కల్లు తియ్యగా, ఆలస్యంగా ఎక్కుతుందట. కడక్కుండా నిన్నటి మడ్డితో కట్టింది పొద్దుటికే ముదురుతుందట. నేను రెండో డొప్పలో ఉప్పదనం, నేల, సముద్రం అని ఊహించుకుంటూ కూర్చున్నది బహుశా కడగని ముంతనే. మా వదిన, "ఏమే, నీ పుస్తకంలో అదీ రాసుకో" అంది.

మూడు తరాలుగా మా ఇంటి గట్ల మీద ఎక్కి దిగిన కుటుంబం నుంచి కల్లు గురించి మేం నేర్చుకున్నది ఎంతా అంటే, ఏమీ లేదు. వాళ్లకి తెలియక కాదు. మేం అడిగినదానికల్లా వాళ్లు ఔననేలా మా పెద్దలు ఏర్పాటు చేసుకున్నారు. ఆ ఏర్పాటు నా మాటలో "మీరు" చేరగానే పోయేది కాదు. వైన్ విషయంలో నాకున్నదని నేను మురిసిపోయే నాలుక కూడా, ఎవరో నన్ను ధైర్యంగా కాదనగలిగిన చోటే తయారైంది. ఆ నాలుకతో ఇక్కడికొచ్చి తాటితోపుని వైన్‌తోటగా మార్చేయబోయాను. అంటే మా ఊరి రుచికి గౌరవమిస్తున్నాననుకుంటూ, దానికి నా గ్లాసు తొడగబోయాను. ఇది ఇంతటితో పోతుందని కూడా నాకు నమ్మకం లేదు. మర్నాడు పొద్దున్న మళ్లీ వెళ్లాను, మళ్లీ ఏవో అడిగాను. అయితే ఈసారి ముంతలు కడగడం దగ్గర మొదలుపెట్టాను. కాస్త నయంగా సాగింది.

ఆయన చెప్పదలుచుకున్నది రుచి గురించి కాదు. చుట్టుపక్కల పొలాలు రొయ్యల చెరువులైపోతుంటే గట్లు తవ్వి తాళ్లు కొట్టేస్తున్నారు. కొత్తగా ఎవరూ నాటరు, నాటినా పదిహేనేళ్లు ఎవరాగుతారు? 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ కొబ్బరిని నేలమట్టం చేసినప్పుడు కూడా తాళ్లు చాలావరకు నిలబడ్డాయట. తుపానుకి నిలబడ్డ చెట్టు ప్రొక్లెయినుకి నిలబడలేదన్నాడు. ఇది చెప్పేటప్పుడు గొంతులో ఆయ్ లేదు.

వెళ్లబోతుంటే ఆయనే అడిగాడు.

"మీరు తాగే ఆ ద్రాక్షసారా ఎన్నాళ్లు నిలవుంటదండి?"

"సీసా మూత తీయకపోతే ఏళ్లు."

"అయితే ఆళ్లు రోజూ చెట్టెక్కక్కర్లేదన్నమాట."

"ఏడాదికి రెండు కత్తిరింపులు, ఒక కోత" అన్నాను. నా పుస్తకం ఆ మాత్రానికి పనికొచ్చింది.

"సీసా ఎంతండి?"

నేను మామూలుగా కొనే సీసా ధరలో సగం చెప్పాను. ఎందుకు సగం చేశానో ఆ క్షణంలో నేనే చూసుకోలేదు, నోటికి అలా వచ్చేసింది. ఆయన మోకు బిగించుకుంటూ కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"కాదులెండి అమ్మాయిగారు," అన్నాడు. "మావోడు మియాపూర్ వైన్‌షాపులో చేత్తాడండి. దానికి రెట్టింపుంటదన్నాడు."